దాలమ్మ చుట్టిన కర్ర

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. మధ్యలో ఆపి "ఆ మనిషికి అంత కోపమెందుకు" అని అడిగేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. దారికి ఎవరూ అడ్డం లేరు.

అనగా అనగా, ఏరు ఇంకా ఇంత సన్నబడని కాలంలో, ఇసుకకు ఇంకా ఎవరూ కంచెలు వేయని కాలంలో, ఒక రేవు ఉండేది. నల్లరాళ్ళ రేవు. ఏరు వెళ్ళి సముద్రంలో పడే చోట, నీళ్ళ కింద ఏనుగులంతేసి రాళ్ళు. అక్కడ వల వేస్తే పైకి వచ్చేది వల కాదు, చింకిపాత. అందుకని ఆ రేవు జనానికి గాలమే కూడు. వానలు పడి ఎర్రనీరు దిగిందంటే పండుగప్పలు సముద్రంలోంచి ఏటికి ఎదురొస్తాయి. మనిషి నడుమంత చేపలు. ఆ రెండు నెలలు పట్టింది ఎండబెట్టుకుంటేనే మిగతా పది నెలలూ పొయ్యి వెలిగేది. పెళ్ళాం లేకపోయినా మగాడికి గడుస్తుంది గాని, గాలపు కర్ర లేకపోతే గడవదని అక్కడి మగాళ్ళు అనుకునేవాళ్ళు. పెళ్ళాం లేకపోతే కర్రే ఉండదని ఎవరూ అనుకోలేదు.

ఆ రేవులో కర్రకు మూడు కట్టుబాట్లు. ఆడది కర్రను దాటకూడదు. ఆడది కర్రతో గాలం వేయకూడదు. ఆడదాని కాలు కర్రకు తగలకూడదు. తగిలితే చేప ఆమడ దూరం పారిపోతుందట. ఏ చేప వచ్చి ఎవరి చెవిలో చెప్పిందో తెలీదు. మగచేపే అయ్యుంటుంది.

ఆ రేవుకంతటికీ కర్రలు కట్టిచ్చేవాడు సోములు. ఏ ఇంట్లో చూసినా సోములు కర్రే. వెదురు ఎంచడంలో సోములుకు వంక పెట్టడానికి లేదు, అన్యాయంగా ఎందుకు చెప్పాలి. కొండెక్కి ముదురు వెదురు నరికేవాడు. నిప్పు మీద కాచి వంకర తీసేవాడు. కింద వెదురు, పైన సన్నటి బెత్తం జతపెట్టేవాడు. అంతవరకే. ఆ తర్వాత ఆ కట్టను పెరట్లో పడేసి కల్లుపాకకు వెళ్ళేవాడు. పెరటి తడిక వెనక మిగతా పని పట్టుకునేది అతని పెళ్ళాం దాలమ్మ.

మిగతా పని అంటే ఏమిటి? చుట్టడం. వెదురునూ బెత్తాన్నీ కలిపే అతుకుకి దారం చుట్టాలి. వెదురు పగలకుండా కణుపు కణుపుకీ చుట్టాలి. కొసన తాడు కట్టే చోట చుట్టాలి. చుట్టి, పైన జిగురుగా తుమికికాయ రసం పూయాలి. చుట్టు లేని కర్ర వంటచెరుకు.

దాలమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. దారపు ఉండను కొబ్బరిచిప్పలో వేసి పక్కన పెట్టుకునేది. ఆ దారాన్ని కుడికాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి పోనిచ్చి కర్రకు ముడివేసేది. ఇక రెండు అరచేతులతో కర్రను తిప్పడమే. కర్ర తిరుగుతుంటే దారం వేళ్ళ సందులోంచి జారుతూ వచ్చి, పోగు పక్కన పోగు పడుకునేది. ఎంత బిగువు కావాలో అంత బిగువు ఆ రెండు వేళ్ళే ఇచ్చేవి. నొక్కితే బిగువు, సడలిస్తే వదులు. చేతులు ఉత్తి తిప్పేవి. తెలివంతా కాలిది.

అది నార దారం. పొడిగా ఉంటే ఒక తీరు, తడిస్తే ఇంకో తీరు. నీళ్ళు తాగి బిగుసుకుంటుంది. పొడి దారాన్ని బలం కొద్దీ లాగి చుట్టారా, ఏట్లో తడిశాక అది బెత్తాన్ని కొరికేస్తుంది. అప్పుడు కర్ర చేప లాగినందుకు విరగదు, దారం కొరికినందుకు విరుగుతుంది. అలాగని వదులుగా చుడితే, తడిసేలోపే జారి అతుకు ఊడిపోతుంది. తడిశాక ఎంత బిగుస్తుందో పొడిగా ఉన్నప్పుడే తెలియాలి. కళ్ళతో చూస్తే తెలిసేది కాదు అది.

దాలమ్మకు దానికి మూడు కొలతలు ఉండేవి. అతుకు దగ్గర, పురిటి నొప్పుల్లో మంత్రసాని చెయ్యి పట్టుకున్నంత. కణుపు దగ్గర, చంటిబిడ్డ మొలతాడంత. కొస దగ్గర, బాలింత నడికట్టంత. మొదటిది వదలదు. రెండోది చిటికెనవేలు దూరేంత చోటిస్తుంది. మూడోది పట్టుకుంటుంది గాని నొప్పి పెట్టదు. ముగ్గురిని కని ముగ్గురినీ ఏటి ఒడ్డున పాతిపెట్టిన మనిషి ఆమె. కొలతలు అక్కడ నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు.

తడికల వెనక ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మగాళ్ళకు తెలీదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకు ఎప్పుడూ రాలేదు.

ఏటేటా వానల ముందు దాలమ్మ మొగుడితో అనేది.

"మావా, ఈపాలి ఎవులైనా అడిగితే నా పేరు సెప్పు."

"సెప్తాన్లేయే," అనేవాడు సోములు. మొదటి ఏడు చెప్పలేదు. రెండో ఏడు చెప్పలేదు. మూడో ఏడు అడిగితే, "పేరు ముక్కలు కోసుకుని వండుకుంటావేటే?" అన్నాడు.

దాలమ్మ ఇక పెదవి విప్పలేదు. దారం విప్పింది.

ఆ ఏడు ఎర్రనీటి రోజులు ముగుస్తుండగా, గురువులనే కులపెద్ద గాలానికి ఒక చేప పడింది. అలాంటి చేపను అంతకు ముందు ఎవరూ చూడలేదు. పొద్దున్న పడిన చేపను మధ్యాహ్నం దాకా లాగాడు. కర్ర విల్లులా వంగి కొస నీళ్ళను తాకింది, లేచింది, మళ్ళీ తాకింది. విరగలేదు. నలుగురు కలిసి ఆ చేపను ఒడ్డుకు మోశారు. ఊరంతా కూర తిన్నది. గురువులు సోములును పిలిచి అందరి ముందు తలపాగా చుట్టాడు.

"సోములూ, దారం ఎంత బిగువు లాగాలో నీకెలా తెలుస్తాదిరా?" అని అడిగాడు.

సోములు తలపాగా సర్దుకున్నాడు. "అది సేతికి తెలుస్తాది పెద్దయ్యా," అన్నాడు.

"అయితే మన కుర్రోళ్ళందరికీ నేర్పు. నువ్వు పోతే నీతో పోకూడదు ఈ ఇద్దె. మూడు దినాల్లో మీ పెరటికి వస్తాం."

ఇంటికొచ్చి సోములు తలపాగా తీసి మూలన పెట్టి, దారపు ఉండ పట్టుకున్నాడు. మొదటి రోజు చుట్టాడు, ఊడింది. రెండో రోజు చుట్టాడు, బెత్తం చిట్లింది. మూడో రోజు పొద్దున్నే పెళ్ళాం దగ్గర చతికిలబడ్డాడు.

"ఒలే, ఎలాగో నాకు సూపించవే. ఆళ్ళొచ్చే ఏళయింది."

"సూపిస్తాను. ఆళ్ళొచ్చినాక, ఇది మా ఆడది సేసే పని అని ఒక్కపాలి అను. అంటే ఆళ్ళందరికీ నానే నేర్పుతాను."

"తలపాగా సుట్టించుకున్న నోటితో ఆ మాటెలా అంటానే?"

"తలపాగా తలకి సుట్టినారు కదా, నోటికి కాదు కదా."

సోములు లేచి వెళ్ళిపోయాడు.

ఎండ పెరట్లోకి దిగేసరికి వచ్చారు. గురువులు, పెద్దలు, పాతికమంది కుర్రాళ్ళు. తడిక లోపల చాపలు పరిచారు. దాలమ్మను వంటింట్లోకి పొమ్మన్నారు. సోములు నడుమ కూర్చుని దారం గుండ్రంగా తిప్పడం మొదలెట్టాడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో దారం. పోగు మీదకు పోగెక్కింది. ఒక చోట వదులు, ఒక చోట గట్టి. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, ఇదే కాబోలు ఆ విద్య అనుకుంటూ.

దాలమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. తన చేతి పనికి వేరేవాళ్ళకు తలపాగా చుడితే ఓర్చుకుంది. కాని అది మంచి బెత్తం. కొండ మీద మూడు వానలు తాగి పెరిగిన బెత్తం. దాన్ని ఆ మనిషి కళ్ళముందు పాడుచేస్తున్నాడు. అతుకు దగ్గర దారం జారింది. జారిన దారాన్ని సోములు పళ్ళతో పట్టి గుంజాడు. బెత్తం కిర్రుమంది.

అంతే. దాలమ్మ గుమ్మం దాటింది. చాపల మధ్య నుంచి నడిచింది. మొగుడి ఎదురుగా కూర్చుని, కాలు చాపి, జారిపోతున్న దారాన్ని కాలి వేళ్ళతో పట్టేసింది. అతని చేతుల్లోంచి కర్ర లాక్కుని తిప్పడం మొదలుపెట్టింది. పోగు పక్కన పోగు పడుకుంది. అతుకు పూర్తయింది, కణుపు పూర్తయింది, కొస దాకా వెళ్ళింది. ముడివేసి దారం కొరికి, అప్పుడు తల ఎత్తింది.

కుర్రాళ్ళు కూర్చున్న చాపల మీదే వెనక్కి జరిగారు.

"కాలు," అన్నాడు గురువులు. "ఆడదాని కాలు."

"అవును పెద్దయ్యా, కాలే. మీ అందరి సేతుల్లో ఉన్న ప్రతి కర్రా ఈ కాలి ఏళ్ళ మద్దెనించి వచ్చిందే. మొన్న మీరు పట్టిన సేపా దీని మీదే వచ్చినాది. ఆడకాలు తగిలితే సేప పారిపోతాదన్నారు. అది మరి పారిపోనేదేటి?"

ఇప్పుడు గురువులు ముందు రెండు దారులున్నాయి. కట్టుబాటు అబద్ధమని ఒప్పుకోవాలి. లేదా కళ్ళారా చూసిన చేపే అబద్ధమనాలి. మూడో దారి ఒకటి ఉంటుంది, పెద్దమనుషులకు ఎప్పుడూ అదే దొరుకుతుంది. ఆడదాన్ని శిక్షించడం.

"సోములూ, నీకు తెలుసా ఇది?" అని అడిగాడు.

సోములు పెళ్ళాన్ని చూశాడు. పెద్దల్ని చూశాడు. మూలనున్న తలపాగాను చూశాడు. "నాకు తెల్దు పెద్దయ్యా. నా ఈపు ఎనక సేసింది," అన్నాడు.

ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళపాటు ఆ చుట్టు మీద కూడు తిన్న మనిషి. నాకు తెల్దు అన్నాడు.

గాలం ఇనుమును ఎర్రగా కాల్చారు. దాలమ్మ కుడికాలి బొటనవేలి మీద వాత పెట్టారు. మొగుడే పెట్టాలన్నారు, మొగుడే పెట్టాడు. ఊళ్ళో కర్రలన్నిటి చుట్లూ విప్పేశారు. విప్పిన దారమంతా కుప్పపోసి కాల్చారు. వెదుర్లను పసుపునీళ్ళతో కడిగారు. ఇకనుంచి మగాళ్ళే చుట్టుకుంటారన్నారు. దాలమ్మను ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నారు.

దాలమ్మ అరవలేదు. ఆమె కేకలు వినాలని చాలామంది నిలబడి ఉన్నారు. వాళ్ళకు ఆ సంతోషం దక్కనివ్వలేదు. కుంటుకుంటూ ఇంట్లోకి వెళ్ళి కొబ్బరిచిప్ప తీసుకుని బయటికి నడిచింది.

రేవు చివర పాకలో సన్యాసమ్మ ఉండేది. మొగుడు పోయిన మనిషి. మూడూళ్ళు తిరిగి ఎండుచేపలు అమ్ముకునేది. ఆమె నోటికి జడిసి కుక్కలు కూడా దారి తప్పుకునేవి. దాలమ్మను చూసి గడప దిగి వచ్చి, భుజం కింద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది. కాలికి కలబంద గుజ్జు వేసింది.

"ఏటి సేస్తావే ఇంక?" అంది.

"ఏటి సేస్తాను వదినా. ఆ ఏలుకి తెలివి పోనాది. దారం తగిలినా తెల్దు, నిప్పు తగిలినా తెల్దు."

సన్యాసమ్మ వంగి రెండు కాళ్ళనూ చూసింది. "ఒకటే కాల్సినారు. రెండోదుందని ఆ సచ్చినోళ్ళకి గురుతు నేదు," అంది.

ఆ మాటకు దాలమ్మ, ఆ రోజు మొదటిసారి, నవ్వింది.

ఎడమకాలికి ఏమీ తెలీదు. ఇరవై ఏళ్ళూ ఊరికే చాపుకుని కూర్చున్న కాలు. వేసవంతా దాలమ్మ దానికి నేర్పింది. పొడి దారంతో చుట్టేది. నీళ్ళ కుండలో ముంచేది. తీసి, విప్పి, బెత్తం మీద దారం కరిచిన గుర్తు చూసేది. మళ్ళీ చుట్టేది. ఎడమకాలు వదులుగా ఇచ్చేది, తిట్టేది. గట్టిగా ఇచ్చేది, తిట్టేది. "కాలితో తగూలాడే మనిషిని నిన్నే సూసినాను," అనేది సన్యాసమ్మ. సొరపాదు పూతకొచ్చేసరికి ఆ కాలికీ పురిటి పట్టు, మొలతాడు, నడికట్టు మూడూ వచ్చేశాయి.

వానలు పడ్డాయి. ఎర్రనీరు దిగింది. పండుగప్పలు వచ్చాయి.

మగాళ్ళు కర్రలు చుట్టుకుని రాళ్ళ మీద నిలబడ్డారు. ఎంత బలంగా చుట్టారని. ఒకడు దారం లాగుతుంటే ఇంకొకడు కర్ర పట్టుకున్నాడు. ఇద్దరూ చెమటలు పట్టేలా లాగారు. బలమున్న చోట బిగువు తెలిసిపోతుందనుకున్నారు. మొదటి రోజు పదకొండు కర్రలు విరిగాయి, అన్నీ కొస దగ్గరే, దారం కొరికిన చోటే. ఇలా కాదని రెండో రోజు వదులుగా చుట్టారు. అతుకులు ఊడి బెత్తాలు చేపల వెంట సముద్రంలోకి పోయాయి. మూడో రోజు కాస్త గట్టిగా కాస్త వదులుగా చుట్టారు. అవి ఎక్కడ విరగాలో తెలీక అన్నిచోట్లా విరిగాయి. గురువులు కర్ర విరిగినప్పుడు ఆయన వెనక్కి పడి రాతి మీద కూలబడ్డాడు. ఒడ్డున నీళ్ళు ముంచుకుంటున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

సగం నెల పోయింది. చేపలు ఎండబెట్టే పందిళ్ళు ఖాళీగా ఉన్నాయి.

మొదట సోములు వచ్చాడు. పాక ముందు నిలబడి, "ఒలే, ఇంటికొచ్చీ. జరిగిందేదో జరిగిపోనాది. తడిక ఎనక కూకుని సుట్టు. ఎవులికీ సెప్పను," అన్నాడు.

"ఆ కర్రలు ఎవులివి?" అంది దాలమ్మ.

"మనియే కదేటే."

దాలమ్మ ఇక పెదవి విప్పలేదు. దారం విప్పింది. సోములు వచ్చిన దారిన వెళ్ళిపోయాడు.

రెండోసారి పెద్దలు వచ్చారు. కొత్త కోక, కుంచెడు బియ్యం తెచ్చారు. "అమ్మా దాలమ్మా, పిల్లల మొకం సూడు. ఊరు పస్తుంటాది," అన్నారు.

"నా కాలు కాల్సిన దినాన పిల్లలు గుర్తుకు రానేదా బావా? అదుండనీ. ఆ కర్రలు ఎవులివి?"

"ఊరియే కదమ్మా. ఊరుమ్మడి."

"ఊరుమ్మడి కాలయితే వాత కూడా ఇంటికింత పంచుకోవలసింది."

దాలమ్మ ఇక పెదవి విప్పలేదు. దారం విప్పింది. కోకా బియ్యమూ గుమ్మంలోనే ఉండిపోతే సన్యాసమ్మ వాటిని తెచ్చి వాళ్ళ చేతుల్లోనే పెట్టింది. "బరువుగా ఉంటే మద్దెలో దించుకోండి," అంది.

మూడోసారి గురువులే వచ్చాడు. డప్పులతో వచ్చాడు. పసుపునీళ్ళ బిందెతో వచ్చాడు. దాలమ్మ కాళ్ళ దగ్గర బిందె దించి చేతులు జోడించాడు.

"తల్లీ, మాకు తెలిసింది కాదు. ఆడదాని కాలు తగలకూడదు గాని, అమ్మోరి కాలు తగలొచ్చు. నీ కాల్లో గంగమ్మ తల్లి ఉన్నాది. నీకు గుడి కడతాం. నువ్వు గుళ్ళో కూకుని సుట్టు. కట్టుబాటూ నిలుస్తాది, కర్రా నిలుస్తాది."

చూశారా తెలివి. ఒక మనిషికి పని వచ్చు అని ఒప్పుకోవడం ఎంత కష్టమో. దానికంటే ఆ మనిషిని దేవతను చేయడం తేలిక. దేవతకు మొక్కితే చాలు. మనిషికైతే తప్పు ఒప్పుకోవాలి.

దాలమ్మ లేచి నిలబడింది. వాత పడిన కాలు ముందుకు పెట్టింది.

"ఈ కాలేనా మీ గంగమ్మ తల్లి కాలు? అయితే మొన్న ఎర్రటి ఇనుము పెట్టింది ఎవులికి పెద్దయ్యా? అమ్మోరికి వాత పెట్టినోడివి నువ్వింకా నిలబడి ఉన్నావేటి?"

గురువులు జోడించిన చేతులు దించాడు.

"నాను అమ్మోరిని కాను. నా ఒంటి మీదకి ఎవులూ రానేదు. ముగ్గురిని కన్నాను. ఇరవయ్యేళ్ళు సుట్టినాను. కాలి ఏళ్ళ సందు తెగి రకతం కారితే మసి అద్దుకుని మళ్ళీ సుట్టినాను. అమ్మోరయితే సిటికేస్తే అయిపోయుండును. నాకు కాలేదు. ఎన్నో కర్రలు ఇరగ్గొట్టుకుని నేర్సుకున్నాను. దాన్ని నా దగ్గర్నించి తీసుకెల్లి అమ్మోరికి ఇచ్చేస్తావా? ఆ బిందె ఎత్తుకుని ఎల్లు."

డప్పులు మోగకుండా వెనక్కి వెళ్ళాయి.

రేవులో లింగులని ఒకతను ఉండేవాడు. నలుగురు పిల్లలు, ఒక విరిగిన కర్ర. అతని పెళ్ళాం పైడమ్మ ఆ పూట ఖాళీ కుండ తెచ్చి అతని ముందు బోర్లించింది.

"ఎల్లి అడుగు," అంది.

"ఏటని అడగను?"

"నాకు కర్ర సుట్టిపెట్టు అత్తా అని అడుగు. ఎవులిదని అడిగితే నిజం సెప్పు. నోరేం అరిగిపోదు."

లింగులు వెళ్ళాడు. అడిగాడు.

"ఎవులిదవుతాది ఆ కర్ర?" అంది దాలమ్మ.

"ఎదురు నాను కొట్టుకొచ్చినాను. సేప నాను పడతాను. సుట్టింది నువ్వు. సుట్టు నేకపోతే కర్ర నేదు కదా అత్తా. దాలమ్మ సుట్టిన కర్ర అంటాను."

"ఎక్కడంటావు?"

లింగులు నల్లరాళ్ళ వైపు చెయ్యి చూపాడు. "రాయెక్కి అంటాను."

దాలమ్మ కూర్చుని ఎడమకాలు చాపింది.

మర్నాడు పట్టపగలు లింగులు రాయెక్కాడు. ఊరంతా ఒడ్డున ఉంది. గురువులు కర్ర చూశాడు, చుట్టు చూశాడు, ఒక్క చూపుకే తెలిసిపోయింది.

"లింగులూ, ఆ గాలం ఏసినావంటే నిన్నూ ఎలేస్తాం."

"ఎలెయ్యండి పెద్దయ్యా. మీకాడ కూకుంటే ఇరిగిన కర్రలే కదా ఉన్నాయి," అన్నాడు లింగులు. అని ఏటివైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "ఇది దాలమ్మ సుట్టిన కర్ర." గాలం విసిరాడు.

ఎంతసేపో ఏమీ లేదు. ఆ తర్వాత తాడు బిగిసింది. కర్ర వంగింది. కొస నీళ్ళను తాకింది. దాలమ్మ ఒడ్డున నిలబడి చేపను చూడడం లేదు, లింగులును చూడడం లేదు. కొస దగ్గర తన చుట్టునే చూస్తోంది. ఇసుకలో ఆమె ఎడమకాలి వేళ్ళు వాటంతటవే నొక్కుకుంటున్నాయి. దారం నీళ్ళు తాగుతోంది. తాగి బిగుస్తోంది. ఇక్కడ ఆగాలి. ఇక్కడే ఆగాలి.

ఆగింది.

లింగులు చేపను ఒడ్డుకు లాగాడు. అది కొట్టుకుంటూ గురువులు పాదాల దగ్గర పడింది. పైడమ్మ వచ్చి గురువులును మోచేత్తో పక్కకు జరిపి చేపను ఎత్తుకెళ్ళింది.

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చారు. పాక ముందు వెదుర్లు పేరుకున్నాయి. రాయెక్కి పేరు చెప్పేటప్పుడు కొందరు గొణిగేవాళ్ళు. "ఇనపడనేదు," అనేది ఒడ్డు నుంచి సన్యాసమ్మ. మళ్ళీ చెప్పేవాళ్ళు. "ఇంకా ఇనపడనేదు. మొన్న డప్పులేసుకుని వచ్చినప్పుడు గొంతులు బాగానే ఉన్నాయి కదా," అనేది. మూడోసారికి ఆ ఒడ్డుకీ వినపడేలా చెప్పేవాళ్ళు.

సోములు అందరికంటే వెనక వచ్చాడు. తలవంచుకుని వెదురు దించాడు.

"ఎవులిది?"

"నీదే."

దాలమ్మ చుట్టి ఇచ్చింది. అందరి కర్రకూ ఎంత జాగ్రత్తో దానికీ అంత జాగ్రత్త. సన్యాసమ్మ ఊరుకోలేకపోయింది. "ఆడికెందుకే అంత బాగా? కాస్త ఒదులుగా సుట్టక. ఆడూ కర్రా కలిసి కొట్టుకుపోదురు," అంది.

"ఆడి మీద కోపం ఆడికి నోటితో సెప్తాను వదినా. కర్రతో సెప్పను. కర్రేటి సేసింది?" అంది దాలమ్మ. నోటితో చెప్పింది కూడా. బతికినన్నాళ్ళూ, ఎదురుపడినప్పుడల్లా చెప్పింది. ఆ ఇంటి గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

గురువులు రాలేదు. చచ్చేదాకా రాలేదు. ఎండుచేపలు కొనుక్కుని తిన్నాడు. బుట్ట దించేటప్పుడు సన్యాసమ్మ ప్రతిసారీ, "ఈ సేప ఎవులు సుట్టిన కర్రకి పడినాదో సెప్పమంటావా పెద్దయ్యా?" అని అడిగేది.

దాలమ్మ చాలా ఏళ్ళు బతికింది. రేవులో ఆడవాళ్ళందరికీ నేర్పింది. పెద్దగా మాటలు అక్కరలేకపోయాయి. పురిటి పట్టంత, మొలతాడంత, నడికట్టంత అనేది. వాళ్ళు తలలూపేవాళ్ళు. కొందరు మగాళ్ళూ వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకు చెప్పడానికి ఎక్కువసేపు పట్టేది. అయినా చెప్పేది.

ఒక వానాకాలం, చుట్టు మధ్యలో, ఆమె తల వాలిపోయింది. వేళ్ళ మధ్య దారం ఇంకా బిగువుగానే ఉందట. పైడమ్మ ఆ దారాన్ని తెంచలేదు. వేళ్ళ సందులోంచి మెల్లగా తన కాలి వేళ్ళ మధ్యకు తీసుకుని, ఆ కర్ర పూర్తిచేసి, అప్పుడు ఏడ్చింది.

మూడో రోజు మగాళ్ళు ఒక రాయి మోసుకొచ్చారు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, పాక ముందు నిలబెట్టారు. దాలమ్మ తల్లి అన్నారు. కోడిని కూడా తెచ్చారు.

పైడమ్మ బయటికి వచ్చింది. ఆమె వెనక రేవులో ఆడవాళ్ళంతా వచ్చారు. "బతికుండగా వద్దన్నాది కదా. సచ్చినాక వద్దనలేదని తెచ్చినారేటి?" అంది పైడమ్మ. "రాయికి మొక్కేస్తే మీకు సులువు. అమ్మోరి మహిమంటారు, ఆడదాని పని అనరు. తియ్యండి." వాళ్ళు తీయలేదు. ఆడవాళ్ళు రాయిని కాళ్ళతో తోసుకుంటూ దొర్లించుకెళ్ళి ఏట్లో పడేశారు. కోడిని మాత్రం తిరిగి ఇవ్వలేదు. కూర వండుకున్నారు.

అందుకే ఆ రేవులో దాలమ్మకు గుడి లేదు, జాతర లేదు. మూడు నాలుగేళ్ళకోసారి ఎవడో ఒకడు బుద్ధి పుట్టి ఒక రాయి పెడతాడు. మర్నాటికి ఆ రాయి ఏట్లో ఉంటుంది.

కాని ఇప్పటికీ నల్లరాళ్ళ రేవులో గాలం విసిరే ముందు, ఆ కర్ర చుట్టిన మనిషి పేరు గట్టిగా చెబుతారు. ఫలానా ఆమె చుట్టిన కర్ర అంటారు. పెళ్ళామైతే పెళ్ళాం పేరు, తల్లయితే తల్లి పేరు. మా ఆవిడ అంటే ఒప్పుకోరు, పేరు చెప్పాలి. చుట్టిన మనిషి చనిపోయినా కర్ర ఉన్నంతకాలం ఆ పేరే. కొత్తవాడెవడైనా వచ్చి నోరు మెదపకుండా గాలం విసిరాడనుకోండి, రాళ్ళ మీద ఉన్నవాళ్ళందరూ తమ గాలాలు నీళ్ళలోంచి పైకి తీసేస్తారు. కోప్పడరు. "ఎవులు సుట్టినారు?" అని అడుగుతారు. తెలీదంటే, "ఇంటికెల్లి అడిగిరా," అంటారు.

అతను కర్ర భుజాన వేసుకుని, రాళ్ళు దిగి, ఇసుకంతా నడిచి ఇంటికి పోతాడు. అవతల పండుగప్పలు నీళ్ళ మీదకు ఎగిరెగిరి పడుతుంటాయి. అతను తిరిగి వచ్చి, రాయెక్కి, ఆ పేరు చెప్పేదాకా ఒక్క గాలం నీళ్ళలో పడదు.